శ్రుతి తెలిస్తేనే తేడా

స్కానింగ్ గదిలో గర్భిణి పొట్ట మీద చల్లటి జెల్ రాసి, చేతిలో ఇమిడే చిన్న పరికరాన్ని ఆనించి అటూ ఇటూ జరుపుతారు. కాసేపు గరగర. ఉన్నట్టుండి గుర్రం దౌడు తీస్తున్నట్టు చప్పుడు. "ఇదిగోనమ్మా, బిడ్డ గుండె" అంటుంది నర్సు. బయట బెంచీ మీద కూర్చున్న అమ్మమ్మను కూడా పిలిచి వినిపిస్తారు. నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకునే ఆ గుండె నిజం. ఆ గదిలో వినిపించిన చప్పుడు మాత్రం ఆ గుండె చేసింది కాదు. అలాంటి చప్పుడు కడుపులో ఎక్కడా లేదు.

ఆ పరికరం లోపలికి పంపేది సెకనుకు దాదాపు 20 లక్షల కంపనాలున్న ధ్వని. మన చెవి 20 వేలు దాటితే వినలేదు. ఆ ధ్వని గుండె గోడకు తగిలి తిరిగొస్తుంది. గోడ ఎదురొస్తున్నప్పుడు తిరిగొచ్చే కంపనాలు కాస్త ఎక్కువ, వెనక్కి పోతున్నప్పుడు కాస్త తక్కువ. గోడ సెకనుకు 10 సెంటీమీటర్ల వేగంతో కదిలితే ఆ తేడా సుమారు 260. పంపినదాన్నీ వచ్చినదాన్నీ పక్కపక్కన పెట్టి ఒకదాంట్లోంచి ఒకటి తీసేయడమే పరికరం పని. మిగిలింది మన చెవికి అందే మేరలో పడటం మన అదృష్టం. నేరుగా స్పీకర్‌కి ఇచ్చేస్తే సరిపోతుంది. అమ్మమ్మ విన్నది ఒక తీసివేత లెక్కకు జవాబు.

ఇంటర్మీడియట్‌లో మనం చదువుకున్న డాప్లర్ ప్రభావం రైలు కూతతో మొదలై, హారంలో ప్లస్సో మైనస్సో పెట్టాల్సిన సూత్రంతో ముగుస్తుంది. సూత్రంలో దోషం లేదు. ఆ తీసివేత జరగాలంటే ముందు ఏముండాలో మాత్రం పాఠం గట్టిగా చెప్పదు. తీసివేతకు రెండు అంకెలు కావాలి. వచ్చిన అంకె చేతిలో ఉంటుంది; అసలు అంకె ఎంతో ఎవరు చెప్పాలి? ఇంకో సంగతి, ఆ జవాబు కదలికలో ఒక ముక్కనే చూపిస్తుంది: మన వైపుకు, లేదా మన నుంచి అవతలకు. అడ్డంగా పోయేదాన్ని దాదాపు పట్టించుకోదు. డాప్లర్ ప్రభావం 180 ఏళ్ల చరిత్రలో గెలుపులూ బోల్తాలూ చాలావరకు ఈ రెండు చోట్లే జరిగాయని నా అభిప్రాయం.

ముందు తరంగం సంగతి. పొట్టదశ దాటిన వరిచేను మీద గాలి వీస్తే ఈ గట్టు నుంచి ఆ గట్టుకు అల పరుగెడుతుంది. ఒక్క కంకి కూడా చోటు మారదు. ఈ పోలిక అందంగా ఉంటుంది కానీ పూర్తిగా కుదరదు. చేలో ప్రతి మొక్కనూ వంచేది గాలే. పక్క మొక్క కాదు. చెరువులో రాయి వేసినప్పుడు నీరు పక్క నీటిని కదుపుతుంది. ధ్వనిలో గాలి పొర పక్క పొరను నెడుతుంది. కదలిక ముందుకు సాగిపోతుంది, పదార్థం మాత్రం ఉన్నచోటే ఊగుతుంది. అందుకే అల ఒకసారి బయల్దేరాక దాని వేగం పుట్టించినవాడి చేతిలో ఉండదు. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. ఆగి ఉన్న రైలు కూసినా అంతే, దూసుకొచ్చే రైలు కూసినా అంతే. రైలు వేగం కూత వేగానికి కలవదు. ఈ ఒక్క మాట మనసుకు పడితే మిగతాదంతా బస్సుల లెక్క.

ఒక డిపో నుంచి పది నిమిషాలకొక బస్సు బయల్దేరుతుందనుకుందాం. అన్నీ గంటకు 60 కిలోమీటర్ల వేగంతోనే పోతాయి. అంటే రోడ్డు మీద బస్సుకీ బస్సుకీ మధ్య 10 కిలోమీటర్లు. మీరు రోడ్డు పక్కన నిలబడితే పది నిమిషాలకొకటి కనిపిస్తుంది. బైకు మీద 30 కిలోమీటర్ల వేగంతో డిపో వైపు వెళ్తే 6 నిమిషాల 40 సెకన్లకొకటి ఎదురవుతుంది. అదే వేగంతో డిపో నుంచి దూరంగా వెళ్తే వెనక నుంచి 20 నిమిషాలకొకటి దాటుతుంది. బస్సుల వేగం మారలేదు, డిపో షెడ్యూలు మారలేదు. మీ లెక్క మారింది.

ఇప్పుడు మీరు రోడ్డు పక్కనే నిలబడండి. డిపోనే 30 కిలోమీటర్ల వేగంతో మీ వైపు కదలనివ్వండి. ఒక బస్సును వదిలిన పది నిమిషాల్లో ఆ బస్సు 10 కిలోమీటర్లు పోయింది, డిపో 5 కిలోమీటర్లు వచ్చేసింది. తర్వాతి బస్సు 5 కిలోమీటర్ల ఎడంతోనే బయల్దేరుతుంది. మీకు 5 నిమిషాలకొకటి. ఇద్దరి మధ్య దూరం తగ్గే వేగం రెండు సందర్భాల్లోనూ ఒకటే అయినా, మీరు కదిలితే 6 నిమిషాల 40 సెకన్లు, డిపో కదిలితే 5 నిమిషాలు. ఎందుకీ తేడా అంటే, రోడ్డు ఉంది కాబట్టి. ఎవరు కదులుతున్నారో తేల్చిచెప్పే మూడో సాక్షి రోడ్డు. ధ్వనికి ఆ రోడ్డు గాలి. పాఠ్యపుస్తకంలో జనకం కదిలినప్పుడు ఒక సూత్రం, పరిశీలకుడు కదిలినప్పుడు ఇంకో సూత్రం ఎందుకున్నాయో విద్యార్థికి ఈ రోడ్డు చూపించకుండా చెప్పలేం. డిపో వేగం కూడా 60 అయిందంటే బస్సులన్నీ ఒకదాని మీద ఒకటి పోగుపడి ఒకేసారి మీద పడతాయి. ధ్వనివేగాన్ని అందుకున్న యుద్ధవిమానం ముందు జరిగేది అదే.

ఇక రైలు. సెకనుకు 34 మీటర్లు, అంటే గంటకు 122 కిలోమీటర్ల వేగంతో వచ్చే ఎక్స్‌ప్రెస్ 400 హెర్ట్జ్ కూత వేస్తే గేటు దగ్గర నిలబడ్డవాళ్లకు 444 హెర్ట్జ్ వినిపిస్తుంది. దాటిపోయాక 364. ఈ రెండింటి నిష్పత్తి ఎంతో సంగీతం నేర్చుకునేవాళ్లకు చెప్పాలంటే, సాధారణ గాంధారానికీ అంతర గాంధారానికీ నడుమ ఎక్కడో మొదలై షడ్జానికి జారినంత. చెవికి తెలియకుండా ఉండే తేడా కాదు.

ఇక్కడే ఒక పాత పొరపాటు. రైలు దగ్గరయ్యే కొద్దీ శ్రుతి పెరుగుతూ పోతుందని బాగా చదువుకున్నవాళ్లు కూడా అనుకుంటారు. పెరిగేది తీవ్రత, అంటే చప్పుడు ఎంత గట్టిగా ఉందన్నది. శ్రుతి పెరగదు. దూరంలో ఉన్నప్పుడే అది తన గరిష్ఠ స్థాయిలో ఉంటుంది; రైలు దగ్గరికొచ్చే కొద్దీ, దాని దారి మనకు సూటిగా కాక పక్కగా మారే కొద్దీ, శ్రుతి తగ్గడం మొదలై, మన ఎదురుగా దాటే క్షణానికి చరచరా జారి, అవతలికి వెళ్లాక కింది స్థాయిలో నిలుస్తుంది. ఎక్కడా ఎక్కే మెట్టు లేదు, దిగేదే. ఈసారి గేటు పడ్డప్పుడు ఫోన్ పక్కన పెట్టి వినండి.

క్రిస్టియన్ డాప్లర్ ఈ సంగతి రైళ్ల కోసం రాయలేదు. 1803లో ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్‌లో రాతిపని చేసే కుటుంబంలో పుట్టిన ఈ గణిత అధ్యాపకుడు 1842 మే 25న ప్రాగ్ నగరంలోని శాస్త్ర సంఘంలో చదివిన పత్రం జంట నక్షత్రాల రంగుల గురించి. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే నక్షత్రాల్లో మన వైపు వచ్చేది నీలంగా, దూరమయ్యేది ఎర్రగా కనిపిస్తుందని ఆయన వాదం. సూత్రం సరైనది. దేన్ని వివరించడానికి దాన్ని పుట్టించాడో ఆ వివరణ మాత్రం పూర్తిగా తప్పు.

ఎందుకు తప్పు? నక్షత్రాలు సాధారణంగా సెకనుకు కొన్ని పదుల కిలోమీటర్ల వేగంతో కదులుతాయి. కాంతి వేగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు. అంటే మార్పు పది వేలలో ఒక వంతో రెండు వంతులో. కన్ను పట్టలేదు. పోనీ వేగం చాలా ఎక్కువే అనుకున్నా, వర్ణపటం మొత్తం ఒక పక్కకు జరిగితే ఒక కొసన ఊదా రంగు కంటికి అందకుండా పోతుంది, రెండో కొసన అంతవరకు కనపడని పరారుణం లోపలికి వచ్చి ఆ ఖాళీని నింపుతుంది. నక్షత్రం దాదాపు అదే రంగులో కనిపిస్తుంది. నక్షత్రం ఎర్రగా ఉందా నీలంగా ఉందా అన్నది దాని వేడిని బట్టి ఉంటుంది. డాప్లర్‌కు వచ్చిన అంకె తెలుసు, అసలు అంకె తెలియదు. ఆ నక్షత్రం కదలకుండా ఉంటే ఏ రంగులో ఉండేదో ఎవరు చూశారు?

ఈ రంగుల వాదం నచ్చని డచ్చి యువకుడొకడు దాన్ని పరీక్షకు పెట్టాడు. పేరు బైస్ బల్లోట్. 1845 ఫిబ్రవరిలో ఉట్రెక్ట్ నుంచి మార్సెన్ వెళ్లే కొత్త రైలు దారి మీద ఇంజను తెప్పించి, బండి మీద బాకాలు ఊదేవాళ్లను ఎక్కించి, స్టేషన్ పక్కన చెవి తెలిసిన సంగీతకారులను నిలబెట్టాడు. ఆ రోజుల్లో పౌనఃపున్యం కొలిచే మీటర్లు లేవు. సంగీతం నేర్చినవాడి చెవే మీటరు. మంచు గాలివాన వచ్చి ప్రయోగం పాడైంది. జూన్‌లో మళ్లీ చేశాడు. బండి మీద ఒక స్వరాన్ని పట్టి ఊదుతుంటే, వచ్చేటప్పుడు హెచ్చుగా, పోయేటప్పుడు తగ్గుగా విన్నామని కింద నిలబడ్డవాళ్లు చెప్పారు. ధ్వని విషయంలో డాప్లర్ నెగ్గాడు. రంగుల విషయంలో బైస్ బల్లోట్ తన అనుమానాన్ని వదులుకోలేదు, అదీ సబబే. ఈ ప్రయోగం పనిచేయడానికి కారణం ఊదేవాళ్లు ఏ స్వరం ఊదుతున్నారో అందరికీ ముందే తెలిసి ఉండటం. తంబురా శ్రుతి తెలుసు కాబట్టి గాత్రం ఎంత తప్పిందో తెలిసింది.

నక్షత్రాలకు తంబురా ఏది? జవాబు 1848లో ఫ్రాన్స్‌లో ఫిజో ఇచ్చాడు. సూర్యకాంతిని పట్టకంతో విడదీస్తే రంగుల పట్టీ మధ్య సన్నని నల్లగీతలు కనిపిస్తాయని జర్మనీలో ఫ్రౌన్‌హోఫర్ అప్పటికే గుర్తించి, వాటి చోట్లు కొలిచి పెట్టాడు. ఆ గీతల వెనకున్నవి మూలకాలని తర్వాత తేలింది. కదలిక లేకపోతే ఒక గీత ఎక్కడుంటుందో తెలుసు. నక్షత్రం కాంతిలో అదే గీత ఎక్కడుందో చూడండి, ఎంత జరిగిందో అదే వేగం అని ఫిజో ఆలోచన. పట్టీ మొత్తం రంగు చూడక్కర్లేదు. చీర రంగు వెలిసిందా లేదా అని వాదించుకునే బదులు అంచు ఎంత జరిగిందో కొలవడం లాంటిది ఇది. డాప్లర్ మాత్రం ఈ దారిలో మొదటి కొలత చూడలేదు. 1853లో వెనిస్‌లో, 49 ఏళ్లకే పోయాడు.

ఆ కొలత 1868లో వచ్చింది. లండన్‌లో విలియం హగ్గిన్స్ సిరియస్ నక్షత్రంలో హైడ్రోజన్ గీత జరుగుబాటు కొలిచి, అది సెకనుకు 47 కిలోమీటర్ల వేగంతో మన నుంచి దూరమవుతోందని ప్రకటించాడు. ఈనాటి కొలత ప్రకారం సిరియస్ సెకనుకు దాదాపు 5.5 కిలోమీటర్లతో మన వైపు వస్తోంది. అంకె తప్పు, దిక్కూ తప్పు. అయినా అదే తొలి అడుగు అంటారు, నేనూ అంటాను. కంటితో చూసి గీత చోటు చెప్పే పద్ధతి అక్కడితో ఎంత దూరం వెళ్తుందో తేలిపోయింది. 1888లో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో ఫోగెల్ ఫొటో పలక వాడాకే ఈ పని నమ్మదగినదైంది. అదే 1868లో ఆగస్టు 18న మన గుంటూరులో ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పట్టకంతో చూశాడు. గుంటూరులో హీలియం పుట్టిందని మనవాళ్లు గర్వంగా చెప్పుకునే కథ కాస్త సర్దుకోవాల్సినది: జాన్సెన్ చూసింది సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల మెరిసే గీతలను, పసుపు గీత కొత్త మూలకానిదని వాదించినవాడు ఇంగ్లండులోని లాకియర్. అదే లాకియర్ ఆ జ్వాలల గీతలు వంకరపోవడం చూసి, వాయువు ఎంత వేగంతో ఎగిసిపడుతోందో లెక్క కట్టిన తొలివాళ్లలో ఒకడు.

మన దక్షిణాదికి ఈ చరిత్రలో అసలైన వాటా కొడైకెనాల్‌లో దక్కింది. 1907లో అక్కడి వేధశాలకు వచ్చిన జాన్ ఎవర్షెడ్ 1909 జనవరిలో సూర్యుడి మచ్చల మీద ఒక విచిత్రం చూశాడు. మచ్చ సూర్యబింబం నడిమధ్యలో ఉన్నప్పుడు గీతలు తిన్నగా ఉన్నాయి. మచ్చ అంచు వైపు జరిగాక, బింబం నడిమి వైపున్న మచ్చ అంచులో గీతలు నీలం పక్కకు, అవతలి అంచులో ఎరుపు పక్కకు వంగాయి. అర్థం ఏమిటంటే మచ్చ చుట్టూ వాయువు ఉపరితలానికి సమాంతరంగా బయటికి పారుతోంది. మధ్యలో ఉన్నప్పుడు ఆ పారకం మన చూపుకు అడ్డంగా ఉంది కాబట్టి డాప్లర్ దాన్ని చూడలేదు. అంచుకు వచ్చాక అదే పారకం మన వైపుకూ అవతలి వైపుకూ తిరిగింది. డాప్లర్ గుడ్డితనాన్నే కొలబద్దగా వాడుకున్న ఈ పనిని నేను మొత్తం చరిత్రలో చాలా పై వరసలో పెడతాను. సెకనుకు కిలోమీటరో రెండో ఉండే ఆ పారకానికి ఇప్పటికీ ఎవర్షెడ్ ప్రభావమనే పేరు.

కాంతి దగ్గర మన బస్సుల లెక్క ఒకచోట తెగుతుంది. కాంతికి రోడ్డు లేదు. ఎవరు కదిలారో చెప్పే మూడో సాక్షి లేనప్పుడు రెండు వేర్వేరు జవాబులు ఎలా వస్తాయి? రావు. ఐన్‌స్టీన్ 1905 నాటి సాపేక్షత పత్రంలో రెండు సూత్రాలూ కలిసి ఒకటయ్యాయి. దానితోపాటు ఇంకో చిన్న కానుక: కదిలే గడియారం నెమ్మదిస్తుంది కాబట్టి, సరిగ్గా అడ్డంగా పోయే వెలుగు కూడా కొద్దిగా ఎరుపు పక్కకు జరగాలి. 1938లో అమెరికాలో ఐవ్స్, స్టిల్‌వెల్ దీన్ని పరోక్షంగా తేల్చారు. దూసుకుపోయే హైడ్రోజన్ అయాన్ల నుంచి ముందుకు వచ్చే కాంతినీ వెనక్కి వచ్చే కాంతినీ కొలిచి సగటు తీస్తే, ఆ సగటు అసలు చోట లేదు, కాస్త జరిగి ఉంది. అడ్డకదలిక డాప్లర్‌కు కనపడదన్నప్పుడు ముందు 'దాదాపు' అన్న మాట వేసింది ఇందుకే.

భూమ్మీదికి వద్దాం. రాడార్ వచ్చాక అసలు అంకె బాధ తీరిపోయింది, పంపేది మనమే కాబట్టి. క్రికెట్ మైదానంలో బంతి వేగం చూపే రాడార్ పనిచేసేది ఇలాగే. ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. రోడ్డు పక్కన పోలీసులు పట్టుకునే లేజర్ గన్‌ను చాలామంది డాప్లర్ ఖాతాలో వేస్తారు. అది డాప్లర్ కాదు. కాంతి తునకలను వరసగా పంపి, ఒక్కొక్కటి తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి దూరం ఎంత తగ్గుతోందో చూస్తుంది. చలానా మాత్రం రెండింటికీ ఒకటే.

తుఫాను రాడార్ల సంగతి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మన తీరానికి అది ప్రాణాల లెక్క. బైస్ బల్లోట్ తర్వాతి రోజుల్లో వాతావరణ శాస్త్రవేత్త అయ్యాడు. నెదర్లాండ్స్ వాతావరణ సంస్థను 1854లో ఆయనే స్థాపించాడు. ఆయన పేరుతో ఉన్న సూత్రం ఇది: ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే అల్పపీడనం మీ ఎడమచేతి వైపు ఉంటుంది. అంటే బంగాళాఖాతంలో తుఫాను గాలులు గడియారం ముల్లుకు ఎదురుదిశలో తిరుగుతాయి. మచిలీపట్నం రాడార్ తూర్పుకు తిరిగి సముద్రం మీదున్న తుఫానును చూసిందనుకోండి. ఉత్తరం పక్క గాలి రాడార్ వైపు వస్తుంది, దక్షిణం పక్క గాలి సముద్రంలోకి పోతుంది. తెర మీద ఒక పక్క వచ్చే రంగు, ఇంకో పక్క పోయే రంగు, నడుమ కన్ను. రైలు మీద బాకాలు ఊదించిన మనిషి రాసిన సూత్రం, ఆయన అలా పరీక్షించిన డాప్లర్ సూత్రం సాయంతో అక్కడ బొమ్మగా కనిపిస్తుంది. ఉత్తరం పక్కే ఎక్కువ ప్రమాదం, ఒడ్డు మీదికి నీటిని తోసేది ఆ పక్క గాలే. 1977 నవంబర్ 19న తుఫాను చీరాల దగ్గర తీరం దాటితే ఉప్పెన ముంచింది దాని కుడి పక్కనున్న దివిసీమను. పది వేల మందికి పైగా పోయారు.

పాత రాడార్ వాన ఎక్కడుందో చూపేది. డాప్లర్ రాడార్ ఆ వానచుక్కలు ఎటు, ఎంత వేగంతో పోతున్నాయో కూడా చెబుతుంది. 10 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం వాడే రాడార్‌లో సెకనుకు 50 మీటర్ల గాలి వల్ల వచ్చే తేడా 1000 హెర్ట్జ్. పంపింది సుమారు 300 కోట్లు. కానీ ఇక్కడా ఒక చిక్కు ఉంది. రాడార్ అలలను ఎడతెగకుండా పంపదు, విడివిడి తునకలుగా పంపుతుంది. సెకనుకు వెయ్యి తునకలు పంపితే సెకనుకు 25 మీటర్ల వరకే వేగం సరిగ్గా చెప్పగలదు. అంతకు మించితే సినిమాలో ఎడ్లబండి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు, మీదికొచ్చే గాలి దూరమవుతున్నట్టు కనిపిస్తుంది. పోనీ తునకలు ఇంకా త్వరగా పంపుదామా అంటే, మొదటిది తిరిగి రాకముందే రెండోది బయల్దేరి ఏది ఎంత దూరం నుంచి వచ్చిందో కలగాపులగమవుతుంది. వెయ్యి తునకల దగ్గరే ఆ హద్దు 150 కిలోమీటర్లు. వేగం కావాలంటే దూరం వదులుకో, దూరం కావాలంటే వేగం వదులుకో. రెండు రకాల లయల్లో పంపి, రెండు జవాబులనూ పోల్చి విప్పుతారు. టీవీలో ఎర్రగా పచ్చగా తిరిగే ఆ బొమ్మ వెనక ఇంత విప్పుడు పని ఉంది.

తిరుపతికి దగ్గర్లో గాదంకి అనే ఊళ్లో ఉన్నది ఇంకో రకం. జాతీయ వాతావరణ పరిశోధనా ప్రయోగశాలలోని ఈ రాడార్‌కు గిన్నె లేదు. 130 మీటర్ల పొడవు, అంతే వెడల్పున్న నేల మీద 1024 జతల యాగీ ఆంటెన్నాలు నిలబడి ఉంటాయి. మన మేడల మీద ఒకప్పుడు దూరదర్శన్ కోసం పెట్టుకున్న వాటికి చుట్టాలే. సెకనుకు 5 కోట్ల 30 లక్షల కంపనాలను ఆకాశంలోకి పంపి, వాన లేకపోయినా, గాలిలోని అల్లకల్లోలం నుంచే వచ్చే అతి బలహీనమైన ప్రతిధ్వనిని పడుతుంది. నిట్టనిలువుగా ఒకసారి, నాలుగు దిక్కులకు కాస్త వాలుగా ఒక్కోసారి చూస్తుంది, ఒక్క దిక్కు చూస్తే ఒక్క ముక్కే తెలుస్తుంది గనుక. గాలి సెకనుకు 10 సెంటీమీటర్లు పైకి లేస్తే ఇక్కడ వచ్చే తేడా ఎంతో తెలుసా? 28 సెకన్లకు ఒక్క కంపనం. ఐదు కోట్లలో నుంచి దాన్ని ఏరాలి.

వైద్యానికి డాప్లర్‌ను 1950ల్లో తెచ్చినవాడు జపాన్‌లోని ఒసాకాకు చెందిన సతోమురా. రక్తకణాల నుంచి తిరిగొచ్చే ధ్వనిని బట్టి రక్తం వేగం చెప్పవచ్చు. ఇక్కడ కోణమే అంతా. రక్తనాళానికి సరిగ్గా అడ్డంగా ప్రోబ్ పెడితే ఆరోగ్యంగా పారే రక్తం కూడా ఆగిపోయినట్టే ఉంటుంది. 80 డిగ్రీల కోణాన్ని 85 అని అంచనా వేస్తే వేగం రెండింతలుగా చూపిస్తుంది. అందుకే 60 డిగ్రీలు దాటకుండా చూసుకోమని శిక్షణలో చెబుతారు. కలర్ డాప్లర్ రిపోర్టులో ఎరుపు చూసి ధమని అనీ నీలం చూసి సిర అనీ చదువుకునేవాళ్లు ఉన్నారు. మామూలుగా ఎరుపు ప్రోబ్ వైపు వచ్చే రక్తం, నీలం అవతలికి పోయేది. ప్రోబ్ తిప్పి పెడితే రంగులూ తిరగబడతాయి. ఖగోళశాస్త్రంలోనేమో ఎరుపంటే దూరమవడం. ఒకే శాస్త్రం, రెండు గదుల్లో రెండు ఆచారాలు.

గుర్రపులాడం ముక్కు గబ్బిలాలు ఈ లెక్కను తలకిందులుగా చేస్తాయని 1968లో ష్నిట్జ్‌లర్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపాడు. వాటి చెవి ఒక సన్నని పట్టీలో మాత్రమే అమోఘంగా వింటుంది. ఎగురుతుంటే ప్రతిధ్వని ఆ పట్టీ దాటి పైకి పోతుంది కదా. అందుకని గబ్బిలం తన అరుపునే ఆ మేరకు తగ్గించుకుంటుంది. తిరిగొచ్చేది ఎప్పుడూ అదే శ్రుతిలో ఉంటుంది. రెక్క ఆడించే పురుగు మాత్రం ఆ శ్రుతిలో చిన్న వణుకు పుట్టించి దొరికిపోతుంది.

అంతరిక్షయుగం తొలి రోజుల్లోనే డాప్లర్ పని మొదలైంది. 1957 అక్టోబర్ 4న సోవియట్ స్పుత్నిక్ ఎగిరాక, అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో గైయర్, వైఫెన్‌బాక్ అనే ఇద్దరు కుర్రాళ్లు దాని బీప్ బీప్‌ను రికార్డు చేశారు. 20 మెగాహెర్ట్జ్ రేడియో సంకేతం నెత్తి మీదుగా పోతుంటే కొన్ని వందల హెర్ట్జ్ జారుతోంది. ఎంత చరచరా జారుతోందో చూస్తే ఎంత దగ్గరగా పోయిందో తెలుస్తుంది; అచ్చం రైలు గేటు దగ్గరలాగే. ఆ జారుడు గీత ఒక్కదానితో ఉపగ్రహం కక్ష్య మొత్తం కట్టేశారు. వాళ్ల పెద్దాయన మెక్లూర్ ప్రశ్నను తిరగేశాడు: కక్ష్య ముందే తెలిస్తే, వింటున్నవాడు ఎక్కడున్నాడో చెప్పొచ్చు కదా? అక్కడి నుంచి ట్రాన్సిట్ అనే తొలి ఉపగ్రహ దారిచూపు వ్యవస్థ పుట్టింది.

ఇదే డాప్లర్‌ను మరచిపోయిన ఒక యాత్ర ముప్పును త్రుటిలో తప్పించుకుంది. శనిగ్రహం ఉపగ్రహమైన టైటన్ మీద దిగాల్సిన హైగెన్స్ తన సమాచారాన్ని పైనున్న కస్సీనీ నౌకకు పంపాలి. రెండూ ప్రయాణంలో ఉండగానే, 2000లో, ఐరోపా అంతరిక్ష సంస్థ ఇంజనీరు బోరిస్ స్మెడ్స్ పట్టుబట్టి భూమి నుంచి ఒక పరీక్ష చేయించాడు. రేడియో తరంగం శ్రుతి మారుతుందని రిసీవర్ తయారుచేసినవాళ్లు లెక్కలోకి తీసుకున్నారు. ఆ తరంగం మీద ఎక్కి వచ్చే సమాచారపు లయ కూడా అంతే మారుతుందన్నది వదిలేశారు. అలాగే వెళ్తే సమాచారంలో చాలాభాగం చెత్తగా వచ్చేది. రిసీవర్‌ను మార్చలేరు, అది కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంది. దారినే మార్చారు. కస్సీనీని దగ్గరగా కాక టైటన్‌కు చాలా ఎడంగా, హైగెన్స్ దిగే దారికి పక్కగా పోయేలా చేశారు. అడ్డకదలికను డాప్లర్ పట్టించుకోదన్న గుడ్డితనమే మందు అయింది. 2005 జనవరి 14న టైటన్ బొమ్మలు వచ్చాయి. డాప్లర్‌ను కావాలనే వెంట తీసుకెళ్లిన యాత్రా ఉంది: 2023 ఆగస్టు 23న చంద్రుడి మీద దిగిన చంద్రయాన్-3లో ఇస్రో కొత్తగా చేర్చిన పరికరాల్లో లేజర్ డాప్లర్ వేగమాపకం ఒకటి. నేల వైపు దిగుతూ పక్కకు ఎంత జారుతోందో కూడా తెలియాలి కాబట్టి అది వేర్వేరు దిక్కులకు కిరణాలు వేసి చూస్తుంది.

విశ్వం విస్తరణ గురించి ఒక మాట చెప్పి ముందుకు పోతాను, ఇక్కడే ఎక్కువ రాసి ఎక్కువ గందరగోళం చేశారు కాబట్టి. 1912లో ఖగోళ శాస్త్రవేత్త స్లైఫర్ ఆండ్రోమెడా గెలాక్సీ కాంతిని కొలిస్తే సెకనుకు 300 కిలోమీటర్లతో మన వైపు వస్తున్నట్టు తేలింది; మిగతా గెలాక్సీలు చాలావరకు దూరమవుతున్నాయి. 1929లో హబుల్ ఆ వేగాలను దూరాలతో జోడించాడు. అయితే దూరపు గెలాక్సీల అరుణ విస్థాపనాన్ని, అంటే గీతలు ఎరుపు పక్కకు జరగడాన్ని, రైలు కూత పోలికతో చెప్పడం సరికాదు. అక్కడ జనకం అంతరిక్షంలో పరుగెత్తడం కంటే, కాంతి ప్రయాణించిన కాలమంతా అంతరిక్షమే సాగడం అసలు సంగతి. బస్సులు దారిలో ఉండగా రోడ్డే సాగితే వాటి ఎడం పెరిగినట్టు. దగ్గరి గెలాక్సీలకు రెండు లెక్కలూ ఒకే జవాబిస్తాయి, అందుకే పాత పోలిక ఇంకా బతికి ఉంది.

ఇప్పుడు ఈ పద్ధతి తన చివరి గడప దగ్గర నిలబడి ఉంది. గ్రహం తిరుగుతుంటే దాని నక్షత్రం కూడా కొద్దిగా ఊగుతుంది. 1995లో స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు మయోర్, కెలోజ్ 51 పెగాసీ నక్షత్రం 4.2 రోజులకోసారి ముందుకూ వెనక్కూ ఊగడం చూసి, సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ తిరిగే తొలి గ్రహాన్ని పట్టుకున్నారు. 2019లో నోబెల్ వచ్చింది. ఆ ఊపు సెకనుకు 50 మీటర్లకు కాస్త పైన, అంటే ఒక రైలు వేగం. బృహస్పతి మన సూర్యుణ్ని ఊపేది సెకనుకు 12.5 మీటర్లు. భూమి ఊపేది 9 సెంటీమీటర్లు. పాకే పసిబిడ్డ ఇంతకన్నా త్వరగా పోతుంది. చిలీలో ఉన్న ఎస్‌ప్రెసో అనే పరికరాన్ని 10 సెంటీమీటర్ల కొలత లక్ష్యంగా కట్టారు, కాబట్టి యంత్రం దాదాపు ఆ మెట్టు మీదికి చేరింది. అడ్డం వచ్చింది నక్షత్రం. దాని ఉపరితలం అన్నం ఉడికినట్టు కుతకుత ఉడుకుతుంటుంది. వేడి వాయువు పైకి, చల్లబడ్డది కిందికి, సెకనుకు వందల మీటర్ల వేగంతో. అన్నీ కలిసి సగటయ్యాక కూడా మిగిలే వణుకు భూమిలాంటి గ్రహం ఊపు కంటే ఎక్కువ. గీత కదిలిందంటే గ్రహం లాగిందా, మచ్చ తిరిగిందా, నక్షత్రం ఊరికే ఉడికిందా? తంబురా తీగే నిలకడగా లేదు. ఆ ఉడుకును విడదీసి, కదలకపోతే ఆ గీత ఎక్కడ ఉండేదో కనుక్కునే పనిలోనే ఇప్పుడు చాలామంది ఉన్నారు.